అన్నయ్య బూట్లు, నా మోకాలు

బడికి పంపకుండా అమ్మే నాకు ఇంట్లో చదువు చెప్పింది. దేవుడికి దీపం పెట్టే వేళకు వచ్చెయ్యమని చెప్పి, రోజూ ఆటకు పంపింది కూడా. అందుకు ఇప్పటికీ మనసులో ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.

భోగాపురం వైపు సముద్రపు ఇసుకలో ఊరి ఆడపిల్లలం వట్టి కాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. జిల్లా పోటీకి బూట్లు ఉండాలన్నారు. అన్నయ్య పాత బూట్ల ముందుభాగంలో గుడ్డలు కుక్కి తొడుక్కున్నాను. పరుగులో పక్కకు తిరగబోతే బూటులో పాదం జారి, మోకాలు మెలిపడింది.

"ఒసే, ఆడపిల్ల మోకాలు ఈ ఆటకి ఆగుతాదేటే? ఇంక సాలు, మానీ" అన్నాడు మావయ్య. ఇంట్లో అందరిదీ అదే మాట.

కొన్నాళ్లకు, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల దెబ్బల మీద పరిశోధన చేస్తున్న ఒకావిడ మా ఇంటికి వచ్చింది. అన్నీ అడిగి, "ఆ రోజు వేసుకున్న బూట్లు చూపిస్తావా?" అంది. తెచ్చాను. లోపలి గుడ్డలన్నీ బయటకు లాగి, "వీటితో పరిగెడితే మీరైనా పడతారండీ" అంది మావయ్యతో.

"అయితే ఏటంటావే ఇప్పుడు?" అని నా మీద గయ్యిమన్నాడు మావయ్య.

"మోకాలు దేవుడిచ్చింది మావా, దానికి వంక పెట్టకు. బూట్లే అన్నయ్యవి" అన్నాను.

దెబ్బ మానాక, నా కాలికి సరిపోయే బూట్లు వచ్చిన రోజున వాటిని గుమ్మం బయట ఉంచి, దేవుడి ముందు మోకరిల్లాను. మోకాలు నొప్పి లేకుండా వంగింది. లేచి, బూట్లు తొడుక్కుని, ఎవర్నీ అడక్కుండా ఆటకు వెళ్లాను.