ఆపరేషనుకు ముందు బావ ఫోటో

పులివెందుల బావకు దవడలో క్యాన్సరు. ఆపరేషను తర్వాత ముఖం మునుపటిలా ఉండదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆసుపత్రికి బయలుదేరే రోజు పొద్దున ఒక ఫోటో తీసిపెట్టమని అక్క అడిగింది. ప్రొద్దుటూరులో మూతపడిన స్టూడియో నుంచి కొన్న పాత పెట్టె కెమెరా పట్టుకుపోయాను. నల్లగుడ్డ కప్పుకుని, ఒక్కో ఫిల్ముకు ఒక్క ఫోటో తీసే కెమెరా అది. అంతవరకు దాంతో జమ్మలమడుగు దగ్గరి కొండరాళ్లే తీశాను. రాళ్లు కదలవు, తొందరపెట్టవు.

ఫోనులో కూడా ఒకటి తీయమంది అక్క. అవసరం లేదన్నాను. నా గొప్ప చూపించుకోవడానికే అలా అన్నాను.

బావను వరండాలో కూర్చోబెట్టి కదలొద్దన్నాను, మాట్లాడొద్దన్నాను. వాచిన దవడ బిగబట్టి కూర్చున్నాడు. కెమెరా వెనక గాజుపలక మీద తలకిందులుగా కనిపించిన ఆయన కళ్లు స్పష్టంగా వచ్చేదాకా సవరించాను. ఫిల్ము పెట్టి, దాని ముందున్న మూత లాగాను. అప్పుడు గుర్తొచ్చింది. చూసుకోవడానికి తెరిచిన లెన్సు షట్టరును మూయలేదు. వెలుతురు పడి ఫిల్ము పాడైపోయింది.

"అయిపోయింది" అన్నాను, ఫోటో బాగా వచ్చినట్టే.

గేటు ముందు కారు ఆగింది. నా దగ్గర ఇంకో ఫిల్ము ఉంది. జాగ్రత్తకు మరొకటి తీస్తానని అబద్ధం చెప్పొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ కుర్చీ పట్టుకుని లేవడానికి బావ పడుతున్న అవస్థ చూశాక అనలేకపోయాను.

"బావా, నేనే చెడగొట్టినా. షట్టరు మూయకుండా మూత లాగినా. ఇంకోసారి కూర్చో."

బావ మళ్లీ కుర్చీలో సర్దుకున్నాడు. ఈసారి ప్రతి పనీ రెండుసార్లు సరిచూసుకుని మీట నొక్కాను. వరండా నీడలో షట్టరు ఒక సెకను తెరిచి ఉండాలి. సరిగ్గా అప్పుడే బావ నోరు కదిలింది.

"ఈసారన్నా మూసినావా అప్పా?"

కారు వెళ్లిపోయింది.

ఆ ఫిల్ము కడగడానికి ధైర్యం చాలలేదు. పాడైతే మళ్లీ తీయడానికి ఆ ముఖం ఉండదు. ఆపరేషను అయి, బావ ఇంటికొచ్చాక చూడడానికి వెళ్లాను. మాట స్పష్టంగా రావడం లేదు. నన్ను చూడగానే గాలిలో వేలితో మీట నొక్కి చూపించాడు. ఇక తప్పించుకోలేక ఫిల్ము కడిగాను.

కళ్లు, కనుబొమల వెంట్రుకలు ఒక్కొక్కటీ తేటగా వచ్చాయి. నోరు మాత్రం కదిలి చెదిరిపోయింది. ప్రింటు అక్క చేతికిచ్చి తల వంచుకున్నాను.

"మాట్లాడతాండాడు గదా" అంది అక్క, చాలాసేపు చూసి.

బావ ఆ ప్రింటు తీసుకుని ఏమో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమని అడగలేకపోయాను.