డిప్ప లోపలి నునుపు

లక్క వేడెక్కిన వాసన తగిలితే చాలు, నాకు ఆ గురువారం ఉదయం పదిన్నర గుర్తుకొస్తుంది. ఈ రోజూ అంతే. లేతు మీద తిరుగుతున్న కర్రకు ఎర్ర లక్క ఆనించగానే, నూకరాజు మేస్త్రి నా వెనక నిలబడి గొణుగుతున్నట్టు అనిపించింది. ఆయన పోయి చాలాకాలమైంది.

చోడవరంలో మా షెడ్డు చెరకు బళ్లు పోయే రోడ్డు పక్కన. మేస్త్రి అంకుడు కర్రతో కుంకుమ భరిణెలు, బొమ్మలు చేసేవాడు. మా ఆయన పోయాక నేను అక్కడ పనికి చేరాను. మేస్త్రి నోరు మంచిది కాదు. నాదీ కాదు, అందుకే కుదిరింది. నా మొదటి భరిణెను పైన అద్దంలా మెరిపించి ఇస్తే, లోపల వేలు పెట్టి చూసి నా ఒళ్లోకి విసిరేశాడు.

"ఏటే అప్పలమ్మా, లోపల లక్క మీ అత్తొచ్చి పూస్తాదా?"

"లోపలెవులు సూస్తారు మేస్త్రీ?"

"సూడరే. కుంకం తీసినప్పుడు ఏలికి తగులుతాది."

లోపలా బయటా లక్క పట్టించి, మొగలాకుతో రుద్ది మెరుగుపెడితేనే ఆ షెడ్డులో పని పూర్తయినట్టు. పని వచ్చిందని మేస్త్రి ఒప్పుకున్నవాళ్లే తమ వస్తువు మీద సొంత గుర్తు పెట్టుకోవాలి. ఎన్నేళ్లు గడిచినా ఆ మాట నాదాకా రాలేదు. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను గానీ, ఆ మాట మాత్రం రాలేదు.

అప్పుడు రవి వచ్చాడు. వైజాగ్‌లో ఉద్యోగం మానేసి, ఖరీదైన హెడ్‌ఫోన్స్ సొంతంగా తయారుచేస్తున్నాడు. చెవుల మీద ప్లాస్టిక్‌కు బదులు చెక్క డిప్పలు కావాలన్నాడు. మేస్త్రి ఆ పని నాకిచ్చి, "ఇది కుదిరితే నీ గుర్తు నువ్వెట్టుకో" అన్నాడు. ప్రాణం పెట్టి చేశాను. భరిణెలాగే లోపల కూడా లక్క పట్టించాను.

ఆ గురువారం రవి తన స్పీకర్ల సామాను వాటిలో బిగించి విన్నాడు. మొహం మాడ్చుకున్నాడు.

"చూడ్డానికి సూపర్ అత్తా. సౌండే బాలేదు. లోపల లక్కకి కొట్టుకుని శబ్దం వెనక్కొస్తోంది. అది తీసెయ్యాలి."

లక్క తీస్తే మా షెడ్డు లెక్కలో అది సగం పని. తీయకపోతే రవికి అక్కర్లేదు. ఎటు చూసినా నా గుర్తు పోయినట్టే.

మేస్త్రి వాటిని లాక్కుని చెవులకు పెట్టుకున్నాడు. టీ తెచ్చిన ఆయన భార్య వరహాలమ్మ, "బాసికం కట్టిన పెళ్లికొడుకునాగున్నావు!" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఒక డిప్ప గీకే" అన్నాడు నాతో. గీకాను. రవి మళ్లీ బిగించాడు. మేస్త్రి ఈ చెవితో కొంతసేపు, ఆ చెవితో కొంతసేపు, రవి ఫోన్లో పెట్టిన సన్నాయి విన్నాడు.

"గీకిన పక్క సన్నాయూదతన్నాడు. లక్కున్న పక్క రేకుడబ్బాలో కూకుని ఊదతన్నాడు. ఇందులోకి ఏలు పోదే అప్పలమ్మా, పాట పోతాది. రెండోదీ గీకీ."

గీకాను. లోపలంతా ఉలి గాట్లు. రవి సంబరపడి, "చాలత్తా, పైన ఫెల్టు గుడ్డ అతికిస్తాను, కనబడదు" అన్నాడు. మేస్త్రి వినిపించుకోకుండా మొగలాకు తీసి, లక్క లేకుండా ఉత్త కర్రనే రుద్దడం మొదలుపెట్టాడు. గాట్లు పోయేదాకా రుద్దాడు. రవి మళ్లీ విన్నాడు.

"తేడా ఏం లేదు మేస్త్రిగారూ."

"పాడవనేదు గదా?"

"లేదు."

"మరింకేటి? నీకు సెవుంది, నాకు సెయ్యుంది. దాని మాటా ఇనాల."

తర్వాత డిప్ప నా చేతిలో పెట్టాడు. నా గుర్తుగా ఓ గంటు పెడదామని ఉలి తీశాను.

"గంటెందుకే? నాకు రాదు గానీ, నీకొచ్చు గదా. పేరు రాయి."

పెన్సిల్‌తో లోపల రాశాను. ఒత్తు కాస్త వంకరపోయింది. రవి దానిమీద గుడ్డ అతికించేశాడు.

పనితనం గొప్పదా, శబ్దం గొప్పదా అంటే నేను శబ్దమనే చెబుతాను. చెవికి పెట్టుకునేది సరిగా వినబడకపోతే ఎంత మెరిసినా దండగ. కానీ చెవి అడగలేదని చెయ్యి మానేయకూడదు. ఇప్పటికీ ప్రతి డిప్ప లోపలా మొగలాకుతో రుద్దే ఇస్తాను. రవి ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ రోజు షెడ్డులో ఉన్నది నూకరాజు మేస్త్రి, ఆయన భార్య వరహాలమ్మ, వైజాగ్ రవి, గుడ్డ కింద అప్పలమ్మ అని రాసుకున్న నేను.