ఒక సైజు పెద్ద సైకిల్

గేర్ల సైకిల్ కొనబోయేవాళ్లు ముందు దాన్ని తొక్కే మనిషిని వెంటబెట్టుకుని పోవాలి. సైకిల్‌కు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే రెండు పాదాలూ నేలకు ఆనాలి. రంగు, బ్రేకులు, గేర్లు ఎన్ని అన్నవన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు చెబుతున్నాను గానీ ఆ శనివారం నాకివేమీ తెలియవు. తెలియదని ఒప్పుకునే బుద్ధీ లేదు.

మా ఊరు పెద్దారవీడు దగ్గర, గుట్టల కింద. అమ్మాయి మార్కాపురంలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివేది. పొద్దుటి బస్సు ఆపేశారు. ఆటో ఎక్కాలంటే మెయిన్ రోడ్డు దాకా కంకర దారిలో గంటకు పైగా నడక. రోజూ ఆలస్యమేనని కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన ఫోన్ పెట్టేసి, "సోమారం నుంచి టయానికి పోతే పోతాది. లేకుంటే మాన్పిస్తా, ఇంక నన్ను అడగొద్దు" అన్నాడు. ఆయన అన్నాడంటే అంతే.

ఆ కంకరలో మామూలు సైకిల్ నిలవదు, లావు టైర్లది కావాలని పిల్ల చెప్పింది. శనివారం దానికి సాయంత్రం దాకా పరీక్ష. అది బయటికి వచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఒక్కదాన్నే దుకాణాల మీద పడ్డాను.

నేను బట్టలు కుడతాను. పిల్లలకు ఏది కుట్టినా ఒక సైజు వదులుగా కత్తిరించి అడుగున మడత వేస్తాను. ఏడాదికొకసారి కొంచెం విప్పుకుంటారు. చేతికి అదే అలవాటు.

మూడో దుకాణం అతను రెండు సైకిళ్లు ముందుకు తోసి, "పాప ఎత్తెంతక్కా?" అన్నాడు. వంద సార్లు కొలిచిన పిల్ల. కొలత చెప్పకుండా పెద్దది ఇమ్మన్నాను.

"అది ఎక్కువైతాదేమో. పాపను పిల్చుకోని రా."

"ఎదిగే పిల్ల నాయనా. కొంచెం వదులుంటే ఏమైతాది?"

"మడత ఇప్పుకునేదానికి ఇదేమన్నా లంగానా అక్కా" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. పెద్దదే ఆటోలో వేయించుకుని వచ్చాను. పదహారేళ్ల పిల్ల ఇంకేం ఎదుగుతుందని ఒక్కసారి ఆలోచించలేదు.

ఆదివారం ఎక్కి చూసింది. సీటు పూర్తిగా దించి, దాని ముందుకు దిగి నిలబడినా కాలి బొటనవేళ్లే ఆనాయి. వాళ్ల నాయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. పిల్ల నా మొహం చూసి, "సరిపోయిందిలేమ్మా" అంది. దుకాణం ఆ రోజు మూసి ఉంటుంది. మర్నాడు కాలేజీకి అందకపోతే చదువు అయిపోయినట్టే. దేవుడా దేవుడా అనుకుంటూ పంపాను.

వాగు దిగుడులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు పట్టింది, సైకిల్ ఆగింది. కాలు దించితే నేల అందలేదు. కుడి మణికట్టు విరిగింది.

ఆస్పత్రి నుంచి కట్టుతో వచ్చాక, "ఎట్ల పడితివి?" అని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "నాకే తొక్కను రాలేదు నాయనా" అంది పిల్ల. నన్ను తిట్టకుండా ఉండాలని.

"రానిదానివి ఏంటికి ఎక్కినావు? చదివింది చాల్లే. ఇంటికాడుండు."

సైకిల్ పెద్దది, తప్పు నాది, చిన్నది తెస్తాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నన్ను నాలుగు తిట్టి దాన్ని పంపేవాడు. కానీ తెలివితక్కువదాన్నని ఆ నోటితో అనిపించుకోవడానికి నాకు మనసు రాలేదు. పిల్ల కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది, చెబుతానని. అన్నం పెడతానని లేచి లోపలికి పోయాను.