నాలుగో ముడి

రాసేవాళ్ళందరికీ లోతుగా రాయాలని ఉంటుంది. నా అక్షరాలు మాత్రం నిజంగానే లోతులో ఉన్నాయి. రాజమండ్రికి ఎగువన, గోదావరి అడుగున, నాలుగు నిలువుల నీళ్ళ కింద. అనుమానం ఉన్నవాళ్ళు దూకి చూసుకోవచ్చు.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కంప్యూటరు వచ్చి కూర్చోగానే సీసపు అక్షరాల అరలన్నీ గోడవారకు చేరాయి. అరిగిపోయిన టైపుని చూపించి మా యజమాని, "ఓ సంచీడు పట్టుకుపోవయ్యా, జ్ఞాపకంగా ఉంటుంది" అన్నారు. జ్ఞాపకాలు అంత బరువుంటాయని నాకు బస్సు దిగాక గాని తెలియలేదు. అప్పటికి నాకు పెళ్ళయి రెండు నెలలు. ఆ సంచీతోనే తిన్నగా ఏటి ఒడ్డున ఉన్న అత్తవారింటికి వెళ్ళాను. అత్తయ్యగారు ఎదురొచ్చి మర్యాదగా సంచీ అందుకున్నారు, అందుకుని దానితోపాటే నేలదాకా వంగిపోయారు.

"ఇదేం స్వీటండీ బాబూ!"

మామయ్యగారు సంచీలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూశారు. ఆయన లాంచీ నడిపే సరంగుగా పనిచేసి మానేసిన మనిషి. మాట తక్కువ. అలాంటి ఆయన ముఖం దీపావళి మతాబాలా వెలిగింది. "సీసం! ఏమేవ్, అల్లుడుగారు సీసం తెచ్చారే!"

ఆ ఇంట్లో అందరికీ ఒకటే పిచ్చి, ఈడ్చే గాలం. ఆనకట్ట నిలబెట్టిన నీళ్ళు అక్కడ ఎంత వెడల్పంటే, వరదల్లేని నెలల్లో దాన్ని నది అనాలో సరస్సు అనాలో తెలియదు. ఆ నీళ్ళ మీద ఆదివారం ఉదయం మామయ్యగారి చిన్న ఇంజను పడవ నత్తనడక నడిచేది. వెనక ముప్ఫై బారల నైలాన్ దారం. దాని కొసన ఒక చెంచా. అవును, కాఫీలో తిప్పుకునే చెంచానే. కాడ కోసేసి, రెండు చివర్లా బెజ్జాలు పెట్టి, ఒక చివర గాలం తగిలిస్తే అది నీళ్ళలో చేపపిల్లలా మెలికలు తిరుగుతుంది. వాలుగ చేప దాన్ని నిజం చేపపిల్ల అనుకుని నోరు తెరుస్తుంది. ఈ పని వల్ల ఆ ఇంట్లో మనుషులకి చెంచాలు మిగిలేవి కావు. పంచదార డబ్బా వంచి గ్లాసులోకి కొట్టుకునేవారు.

చెంచా ముందు మూరెడు పొడవున, సైకిలు బ్రేకు తీగలోంచి లాగిన ఒక పోగు ఉండేది. వాలుగ పళ్ళకి నైలాన్ ఒక లెక్క కాదు. ఆ పోగుకి నైలాన్ దారాన్ని కట్టే ముడి మీదే సమస్తమూ ఆధారపడి ఉంటుంది. అక్కణ్ణించి నాలుగు బారల అవతల సీసం. మరీ దగ్గరగా కడితే చెంచా ఆడదు. బరువు ఎక్కువైతే అడుగున రాళ్ళలో ఇరుక్కుంటుంది. తక్కువైతే నీళ్ళ పైన గెంతుతూ కొంగలకి వినోదం కల్పిస్తుంది. "సీసం అడుక్కి తగలకూడదండీ. అడుగెక్కడుందో దానికి తెలుస్తుండాలి, అంతే" అనేవారు మామయ్యగారు. ప్రూఫులు దిద్దేవాడిగా నాకు ఆ మాట చాలా నచ్చింది. నేను దిద్దిన చాలా పుస్తకాలకి అడుగెక్కడుందో తెలియదు.

నేను తెచ్చిన అక్షరాల్ని ఆయన ఇనప గరిటెలో వేసి నిప్పుల మీద కరిగించి, బాగా ఎండిన సన్న వెదురు గొట్టాల్లో పోశారు. చల్లారాక వెదురు చీలిస్తే మూడు రకాల బరువులు తేలాయి. చిటికెనవేలంత, మధ్యవేలంత, బొటనవేలంత. తర్వాతి ఏళ్ళలో అవన్నీ ఒక్కొక్కటిగా రాళ్ళలో ఇరుక్కుని ఏటి అడుగునే ఉండిపోయాయి. భాషలో ఉన్న అక్షరాలన్నీ కలిసి చివరికి ఒకే మాట పలకడం నేర్చుకున్నాయి: బుడుంగ్.

ఇంత సాయం చేసినవాణ్ణి కదా, నన్ను కూడా గాలానికి తీసుకెళ్ళారు. పడవ నడుమ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందులో నేను. నా నెత్తిన గొడుగు, ఒళ్ళో తువ్వాలు, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు, జంతికల డబ్బా. వెనక ఇంజను దగ్గర మా బావమరిది. పొలాల్లో మోటార్లు బాగుచేసేవాడు, ఇరవై ఐదేళ్ళ మనిషి.

"ఎండ తగుల్తోందా బావగారూ? పడవ అటు తిప్పమంటారా?"

"వద్దండీ, బాగానే ఉంది."

"పోనీ గొడుగు ఇటు వంచమంటారా?"

సూర్యుణ్ణి కాస్త పక్కకి జరపమన్నా జరిపేలా ఉన్నాడు. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు పని ఆపి, ఊరేగుతున్న నన్ను చూశారు. దండ ఒక్కటే తక్కువ.

నాకు కావలసింది కుర్చీ కాదు. పడవ కొసన మామయ్యగారు కూర్చునే చెక్క. ఆయన చూపుడువేలు మీదుగా నీళ్ళలోకి జారే ఆ దారం. చెంచా ఆడుతుంటే అది సన్నగా వణుకుతూ ఉంటుందట. ఆ వణుకు నా వేలికి తెలియాలి, చుట్టంగా కాకుండా మనిషిగా ఆ పడవెక్కాలి. అప్పట్లో నాకు వేరే ఆశయాలు లేవు.

అడగ్గా అడగ్గా మా ఆవిడ అసలు సంగతి చెప్పింది. ఆ ఇంట్లో దారం పట్టాలంటే ఎవరి ముడి వాళ్ళే వెయ్యాలి, ఆ ముడి బిందె మొయ్యాలి. వరండా దూలానికి నైలాన్ దారం వేలాడదీస్తారు. దాని చివర మనం వేసిన ముడితో ఒక ఇనప రింగు. రింగుకి నిండు నీళ్ళ ఇత్తడి బిందె. అందరూ కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టేదాకా ముడి జారకూడదు. జారితే బిందె పడి సొట్ట పోతుంది, ఆ సొట్ట వేసినవాడి పేరిట నిలిచిపోతుంది. మా ఆవిడ ఆ బిందెని ఫొటోల ఆల్బమ్‌లా తిప్పి చూపించింది. "ఇది మా బాబాయి సొట్ట. ఇది పెద్దమావయ్యది. ఈ రెండూ మా తమ్ముడివి."

"ఓస్, ఇంతేనా! పెళ్ళిలో మూడు ముళ్ళు వేసినవాణ్ణి, నాలుగోది వెయ్యలేనా?"

"ఆ మూడింట్లో రెండు మీ అక్కయ్య వేశారు. మీరు వేసింది ఒకటే. అదీ జారుతుంటే ఆవిడే బిగించారు."

తిన్నగా వెళ్ళి ముడి వేశాను. చూసి నేర్చుకున్న ముడి, అంటే చూసినంత మేరకే నేర్చుకున్నది. అత్తయ్యగారే స్వయంగా బిందె మోసుకొచ్చారు, "అమ్మో నడుం" అనుకుంటూ. తగిలించారు. దారం కీచుమంది. మామయ్యగారు పొగలు కక్కే కాఫీ ఒక్క గుక్కలో తాగేసి ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. కళ్ళలో నీళ్ళు. నా ముడి చూసి పొంగిపోయారనుకున్నాను. బావమరిది గ్లాసు ఖాళీ, మందార మొక్క మొదలు తడి. బిందె అలాగే వేలాడుతోంది.

"ఏం ముడండీ! మా వంశంలో లేదండీ ఇలాంటి ముడి!" అన్నారు అత్తయ్యగారు.

ఆ పూట నేను నేల మీద నడవలేదు.

ఆదివారం వచ్చింది. కుర్చీ మాత్రం పడవలో అలాగే ఉంది. నేను దాన్ని దాటి పడవ కొసన చెక్క మీద కూర్చున్నాను. మామయ్యగారు తన ప్రాణంలాంటి చెంచా నా దారానికి ఇచ్చారు. పదిహేనేళ్ళుగా వాడుతున్నదట, అంచుల్లో వాలుగ పళ్ళ గీతలు పడి ఉన్నాయి. నేను ముడి వేసి నీళ్ళలోకి వదిలాను. సీసం బుడుంగుమంది. దారం నా వేలి మీద వణకడం మొదలుపెట్టింది. తేనెటీగని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది. పకపకా నవ్వొచ్చేసింది. ఎందుకు నవ్వుతున్నారని బావమరిది అడిగితే చక్కిలిగిలి అని చెప్పాను.

అరగంట కాకుండానే దారం ఒక్క గుంజు గుంజింది. ఎవరో కింద నుంచి పేరు పెట్టి పిలిచినట్టే ఉంది. "పడింది! పడింది!" అని అరిచాను. ఆ రెండో 'పడింది' పూర్తయ్యేలోగానే దారం తేలికైపోయింది. లాగితే దారమూ సీసమూ మాత్రమే వచ్చాయి. చెంచా లేదు, తీగ లేదు. దారం కొస పంది తోకలా చుట్టలు తిరిగి ఉంది.

ముగ్గురం ఆ తోకని చూశాం. తర్వాత తెలుసుకున్నాను, చేప కొరికితే కొస సూటిగా తెగుతుందట, ముడి జారితేనే అలా చుట్టలు తిరుగుతుందట. మామయ్యగారు మాత్రం గొంతు సవరించుకుని, "కొరికేసిందండీ. వెధవ పళ్ళండీ వాలుగవి" అన్నారు.

"కత్తులేనండి బావగారూ" అన్నాడు బావమరిది ఇంజనుకేసి చూస్తూ.

నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి జంతికలు పెట్టారు. మామయ్యగారు తిరిగొచ్చే దారిపొడవునా నీళ్ళకేసే చూస్తున్నారు. ఇంటికెళ్ళాక మా ఆవిణ్ణి నిలదీశాను.

"నిజం చెప్పనా, మర్యాద చెప్పనా?" అంది.

"నిజమే చెప్పు."

"బిందెలో సగమే నీళ్ళు. సగం కూడా కాదు, చెంబెడు తక్కువ. కాఫీ ఒక్క గుక్కలో తాగి నాన్నకి నాలిక కాలింది. రెండు రోజులు పెరుగన్నమే తిన్నారు."

అల్లుడి ముడికి సొట్ట పడితే అపచారమని ఇంటిల్లిపాదీ కుట్ర పన్నారు. ఆ మర్యాద వల్ల పదిహేనేళ్ళ చెంచా గోదావరి పాలైంది. నాకు సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, ఇలాగైతే నేను ముసలివాణ్ణయ్యేదాకా ఆ ఎర్ర కుర్చీలోనే ఊరేగుతానని భయం వేసింది. తిన్నగా వరండాలోకి వెళ్ళి, మళ్ళీ ముడి వేసి, నేనే నూతి దగ్గర బిందె నింపుకొచ్చాను. "అమ్మో నడుం" అన్నది ఈసారి నటన కాదు.

"వద్దండీ, మా మాట వినండి" అన్నారు అత్తయ్యగారు.

"నిండు బిందేనండీ. కాఫీ కూడా నిదానంగా తాగాలి."

కాఫీ దాకా రానేలేదు. చెయ్యి వదిలిన మరుక్షణం బిందె దిగిపోయింది. వరండా అంతా నీళ్ళు. అత్తయ్యగారు అరుగెక్కేశారు, బావమరిది మోకాళ్ళదాకా తడిశాడు, బిందె మెట్లు దిగి వీధిలోకి తనంతట తానే నడిచి వెళ్ళింది. మామయ్యగారు తువ్వాలు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. బిందె తెచ్చి తిప్పి చూసి, ఎంతో గౌరవంగా, "చాలా అందమైన సొట్టండీ" అన్నారు.

"మామయ్యగారూ, నేర్పండి."

ఆయన నా పక్కన కూర్చున్నారు. ఏడు చుట్లు తిప్పాలి, ఆరు కాదు. కొస వెనక్కి తెచ్చి మొదటి కన్నంలో దూర్చాలి. "ఇప్పుడు ఉమ్మండి" అన్నారు.

"మీ ముందా?"

"నా ముందేనండి. పొడిగా బిగిస్తే నైలాన్ తన వేడికి తనే కాలిపోద్దండి. తడిపి, నెమ్మదిగా లాగాలండి. మరి... సిగ్గుపడకుండా ఉమ్మెయ్యండి."

ఏ అల్లుడికీ జరగని గౌరవం! ఆ వారమంతా కనిపించిన ప్రతిదానికీ ఏడు చుట్లు చుట్టాను. మంచం కోళ్ళకి, తలుపు గడియకి, సైకిలు హ్యాండిల్‌కి. ప్రెస్సులో ప్రూఫుల కట్టలకి కూడా. మా యజమాని ఒక కట్ట విప్పలేక కత్తెర అడిగి, "దిద్దినవా, దాచినవా?" అన్నారు. శనివారం మధ్యాహ్నం నిండు బిందె నా ముడికి వేలాడింది. అందరూ కాఫీ తాగారు, చల్లార్చుకుని మరీ తాగారు. అత్తయ్యగారు రెండోసారి పోశారు. బిందె కదల్లేదు. ఎవరూ పొగడలేదు కూడా. అదే పెద్ద పొగడ్త అని అప్పటికి నాకు తెలిసింది.

మర్నాడు నేను ముందుగా రేవుకెళ్ళి కుర్చీ తీసి ఒడ్డున పెట్టేశాను. బావమరిది చూసి ఇంజను తిప్పాడు. మధ్యవేలంత సీసం కట్టాను. చెంచా కొత్తది, ముందు రోజే కాడ పోగొట్టుకున్నది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో, లోతు మొదలయ్యే చోట, వేలి మీది వణుకు ఒక్కసారిగా ఆగిపోయింది. తర్వాత దారం నా చేతిని నీళ్ళలోకి ఈడ్చింది.

నేను అరవడం మరిచిపోయాను. అరిచింది మామయ్యగారు.

"ఒరేయ్! వదలకు! లాగమాకురా, ఇవ్వు, దారం ఇవ్వు! ఇప్పుడు లాగు! ఎదవా, అటు కాదు, ఇటు! ఒరే వంగరా!"

ఇచ్చాను, లాగాను, వంగాను, పడ్డాను, లేచాను. వేలు కోసుకుపోయింది. బావమరిది ఇంజను ఆపి, "అలాగే బావా! అలాగే!" అని గెంతుతుంటే పడవ ఊయలైంది. మామయ్యగారు నా చొక్కా కాలరు వెనక నుంచి పట్టుకున్నారు గాని, దారం మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. చివరికి చేతికర్ర పొడవున్న వాలుగ, మీసాలతో సహా, మా ముగ్గురి కాళ్ళ మధ్యన పడి కొట్టుకుంది. ముడి అలాగే ఉంది. నేను నవ్వుతున్నాను. చక్కిలిగిలి అని చెప్పే ఓపిక కూడా లేదు.

కాసేపటికి చేప కొట్టుకోవడం తగ్గింది. అప్పుడు మామయ్యగారికి తను అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. నా కాలరు వదిలి, దాన్ని జాగ్రత్తగా సవరించి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"కంగారులో నోరు జారిందండీ అల్లుడుగారూ. ఏమీ అనుకోకండి."

"ముడి జారలేదు, చాలు మామయ్యగారూ" అన్నాను. "ఇంకో చుట్టు వేద్దామా?"

ఆయన పొద్దు ఎంత ఎక్కిందో చూశారు. దారం మీద నా రక్తం మరక చూశారు. కొడుకు వైపు తిరిగి ఇంజను తిప్పమని సైగ చేశారు.

"వెయ్యరా" అన్నారు నాతో.