భాగ్యక్క తిప్పిన రింగులు

గీత పెళ్లి రోజు భాగ్యక్క ఆమె జుట్టు కాల్చేసిందని, అది కనబడకూడదనే పెళ్లికూతురు చివరిదాకా ముసుగు తియ్యలేదని మరిపెడ సంతలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. కాలిన వాసన వాకిట్లోకి వచ్చిన మాట నిజమే. ఆ గదిలో నేనూ ఉన్నాను.

మా తండాలో భాగ్యక్కది మా పక్క ఇల్లు. పత్తి ఏరి వచ్చి, స్నానం చేసి, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, వీడియోలు చూస్తూ తన జుట్టు మీదే నేర్చుకునేది. రింగులు తిప్పే మిషన్ వేరే ఉంటుందట. ఆమె దగ్గరున్నది జుట్టును సాపు చేసే స్ట్రెయిట్‌నర్. దాంతోనే తిప్పేది. సన్నటి పాయను రెండు పలకల మధ్య పట్టి, మిషన్‌ను ముఖానికి అవతలి వైపు సగం తిప్పి, మెల్లగా కిందికి జార్చేది. మధ్యలో ఆగితే జుట్టు అక్కడ మడత పడుతుంది. జారిన పాయను అరచేతిలో చుట్టి, చల్లారేదాకా వదిలేది కాదు. ఆ రింగులతో చేనుకు వస్తే తోటి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే భాగ్యా, గొర్రెపిల్ల లెక్క తయారైనవ్?"

"నీకూ తిప్పుత, రా వదినా. నీ మొగుడు గుర్తువట్టకుంటే నన్నడగకు."

మా తండాలోనే ఉండే గీతకు పెళ్లి కుదిరాక ఇంట్లోవాళ్లు మరిపెడ పార్లర్ ఆమెను పిలుద్దామన్నారు. భాగ్యక్కే కావాలని గీత పట్టుబట్టింది. భాగ్యక్క చేతికి వచ్చిన మొదటి పెళ్లి అది. చెడిందంటే ఇంకో పెళ్లికూతురు తన తల ఆమెకివ్వదు. మళ్లీ పత్తి చేనే.

పెళ్లి పొద్దున భాగ్యక్క సంచి పట్టుకుని వచ్చేసరికి గీత తల నిండా నూనె కారుతోంది. పెద్దవాళ్లు వరసగా నూనె అంటి దీవించారు. మా దగ్గర పెళ్లికూతురికి అది తప్పదు. ఆ సంగతి వీడియోల్లో ఎవరూ చెప్పరు. భాగ్యక్కకూ ముందుగా తట్టలేదు.

"తల పోస్త. నూనె ఉంటే మిషన్ పెట్టరాదు" అంది.

గీత నానమ్మను మేమంతా దాది అంటాం. ఆమె మంచం దిగకుండానే, "దీవించి పెట్టిన నూనె. తాళి కట్టేదాక కడుగుడు లేదు. చాతనైతే గిట్లనే తిప్పు, లేకుంటే జడెయ్యి" అంది.

"కాలుతది దాదీ."

"నీకు రాదని చెప్పరాదు?"

భాగ్యక్క గిన్నెలో మిగిలిన నూనె తీసి తన చెవి వెనక పాయకు పట్టించింది. నన్ను స్విచ్ వెయ్యమంది. మిషన్ వేడెక్కాక దాది ఎదురుగా కూర్చుని, ఆ పాయను పలకల మధ్య పట్టి నొక్కింది. నూనె చుర్రుమంది. పొగ లేచింది. ఆమె చెయ్యి తియ్యలేదు. పాయ తెగి నేల మీద పడింది.

"గిదే గీతకు అయితది. అప్పుడు పార్లరామె వచ్చినా అతకదు" అంది, గొంతు పెంచకుండా.

దాది తెగిన పాయను ముట్టుకుని చూసింది. "నీ తల నీకు బరువైందా, పిచ్చిదానా" అని తిట్టింది. తర్వాత కోడలిని పిలిచి నీళ్లు కాగబెట్టమంది. "కడిగినంక నాలుగు బొట్లు మాడుకు నేనే అంటుత. పాయలకు తగలనియ్య. గంతకు మించి నన్నడగకు."

శీకాయతో తల పోశాం. తడి పోయేదాకా ఫ్యాన్ కింద ఆరబెట్టాం. బయట డప్పులు మొదలయ్యాయి. మగపెళ్లివాళ్లు దిగారని ఎవరో తలుపు బాదుతున్నారు. భాగ్యక్క తొందరపడలేదు. ఒక్కో పాయ తిప్పి నా అరచేతిలో పెట్టేది, నేను చల్లారేదాకా పట్టుకునేదాన్ని.

అంతా అయ్యాక దాది వచ్చి, అన్నట్టే మాడుకు నాలుగు బొట్లు అంటి, గీత గడ్డం దాకా ఎర్రటి ముసుగు లాగింది. వాళ్లింట్లో పెళ్లికూతురు అత్తగారింటికి చేరేదాకా ముసుగు తియ్యదు. దాది కూడా తియ్యలేదట. వాకిట్లో కూర్చున్నవాళ్లకు అందింది వాసన ఒక్కటే.

బయ్యారంలో అత్తగారింట్లో ముసుగు తీసినప్పుడు గీత జుట్టు నడుము దాకా రింగులు తిరిగి ఉంది. అది చూసిన ఆమె ఆడబిడ్డ, తన పెళ్లికి భాగ్యక్కనే మాట్లాడుకుంది.