ప్రభుదాసు చొక్కాలో తుమ్ములు

“మీయమ్మ తుమ్మితే గూట్లో కోళ్లెగిరిపోయీవి. ఆ ముక్కే వచ్చినాది పిల్లకి!”

“మాయమ్మ ముక్కు జోలికి రాకు మావా. నువ్వు కొనిపెట్టిన ఐసు సంగతేటి?”

అక్క నయోమికీ బావకీ గొడవ రోడ్డు మీదికే వినబడుతుంటే ప్రదీప్ కుమార్ ఆటో ఆపి కాసేపు ఆనందించాడు. ఏటా ఈ రోజుల్లో ఇదే గొడవ. వజ్రపుకొత్తూరు తోటల్లో బావ ప్రభుదాసులా కొబ్బరిచెట్టెక్కేవాడు లేడు. మట్టల ఆదివారం ఊరేగింపుకు చర్చికి మట్టలన్నీ అతనివే. ముందు నడిచే తన కూతురు సుహాసినికైతే గొప్పకోసం నిండుగా విచ్చిన కొబ్బరి పూగెల కోసి ఇస్తాడు. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని పట్టుకుని పాట అందుకుంటుంది, రెండో చరణంలో తుమ్మడం మొదలుపెడుతుంది. వెనక పిల్లలు లెక్కపెడతారు. కిందటేడు పదకొండు.

“ఈసారి నాను పాడను. తుమ్ముల రాణీ అంతన్నారు,” అని సుహాసిని తేల్చేసింది. ఇంకా వారమే ఉంది.

ప్రదీప్ ముగ్గురినీ ఆటోలో కుక్కి పలాసలో ఎలర్జీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పిల్ల ముంజేతి మీద వరసగా మందు చుక్కలు వేసి సూదితో గుచ్చాడు. దుమ్ము చుక్క ఊరుకుంది. జీడిపూత చుక్కా ఊరుకుంది. కొబ్బరి పుప్పొడి చుక్క మాత్రం కండచీమ కుట్టినట్టు ఉబ్బింది.

“ఇది పుట్టుకతో రాలేదు. ఏళ్ల తరబడి ఒకే పుప్పొడి పీలిస్తే కొందరు పిల్లల ఒళ్లు దాని మీద పగబడుతుంది. వేరేచోట పెరిగుంటే వేరే పూతకి తుమ్మేదేమో. ఇంతకీ ఇంటికి పుప్పొడి మోసుకొచ్చేదెవరు?”

అందరూ ప్రభుదాసు చొక్కా వైపు చూశారు. భుజాల మీద పసుపు చల్లినట్టుంది. చెట్టు దిగగానే ఆ చొక్కాతోనే పిల్లని ఎత్తుకుంటాడు.

“మాయమ్మ ముక్కు కాదన్నమాట,” అంది నయోమి.

“కొబ్బరి పచ్చడి తినొచ్చా బాబూ?” అన్నాడు ప్రభుదాసు నీరసంగా.

“తిననీ. తగువు పూతతోనే,” అని డాక్టరు మందు రాశాడు.

ఆదివారం పూగెల లేదు. మట్టలన్నీ నూతి దగ్గర కడిగాడు ప్రభుదాసు. తనూ మూడుసార్లు స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అయినా నమ్మకం చాలక, ఊరేగింపుకి ఇరవై గజాల అవతల కోళ్ల దొంగలా నిలబడ్డాడు. సుహాసిని పాట ఎత్తుకుంది. మొదటి చరణం దాటింది. ప్రభుదాసు ప్రదీప్ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఒరే బామ్మర్దీ, గాలెటు తిరుగుతాందో సూత్తుండు. పిల్లేపు తిరిగితే నన్ను గిల్లు, ఆ పక్కకెలిపోతాను. మరీ దూరం పంపీకురా. పాట ఇనబడాల.”