మా అవ్వ చూసిన వైపు ఇంజను

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలమేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో... జడ్చర్లలో మాది ఒకటిన్నర గది కిరాయి ఇల్లు. ఆ సగం గది వంటకు. మిగిలిన గదిలో అమ్మ, బాపు, నేను, బాపు వాళ్లమ్మ అయిన మా అవ్వ. చాపలు పరిస్తే కాలు పెట్టే సందుండేది కాదు. అలాంటి ఇంట్లో నాకు బొగ్గు ఇంజను బొమ్మ చేయాలని పిచ్చి పట్టింది!

నేనెప్పుడూ బొగ్గు ఇంజనును చూసింది లేదు. చూసింది అవ్వ. వయసులో ఉన్నప్పుడు స్టేషన్‌లో సీతాఫలాలు అమ్మేదట. ఆ కబుర్లు వినీ వినీ నాకీ ఆశ పుట్టింది. నేల మీద చేస్తే అమ్మ చెత్తతో సహా ఊడ్చేసేది.

"గోడకు చెయ్యి బిడ్డా... గోడ మీద ఎవ్వరూ పండరు గదా" అన్నాడు బాపు. తలుపుకూ బీరువాకూ మధ్య ఓ చెక్క బిగించి ఇచ్చాడు.

గోడకు అంటే ఇంజను ఒక వైపే చేయాలి. నేను మొహం మాడ్చుకున్నాను. అవ్వ మాత్రం నవ్వింది.

"నాకు గా ఒక్క దిక్కే ఎరుక. ప్లాట్‌ఫారం దిక్కు. ఆవలి దిక్కు ఎట్లుంటదో నేనెన్నడు చూడలే!"

ఇంకేం... పని మొదలైంది. సగానికి కోసిన బోరు పైపు ముక్క బాయిలరు. దారపు కండె పొగగొట్టం. డబ్బా మూతలు చక్రాలు, వాటిని కలిపే కడ్డీలు పాత గొడుగు ఊచలు. బోల్టుల కోసం వరసగా ఉలవలు అతికించాను. ఎంత ముద్దుగా ఉన్నాయో! తెల్లారేసరికి ఎలుకలు బోల్టులన్నీ తినిపోయాయి. "రైలును ఎలుకలు తినుడు గిప్పుడే చూస్తున్న" అని అమ్మ పడీ పడీ నవ్వింది. తర్వాత గుండుసూదులు గుచ్చాను.

అప్పటికే అవ్వ రెండు కళ్లకూ శుక్లాలు. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. వేళ్లతో తడిమి తప్పులు పట్టేది.

"మెట్టు గింత కిందికి పెట్టినవేందే? డ్రైవరు పండ్లు కొననీకి గంత మీదికెల్లి కమ్మి పట్టుకొని ఏలాడుతుండె."

పీకి మళ్లీ అతికించేదాన్ని. నాకు ఏడుపొచ్చేది. ఆమెకు జాలి అనేదే లేదు.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆపరేషన్ చేయించుకుంటే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. అవ్వ ససేమిరా అంది. కంట్లో కత్తి అంటేనే వణికేది. "నా చేతి ఏళ్లకే కండ్లున్నయ్, పోండ్రి" అనేది. నేను ఆ ఇంజను చేస్తున్నదే అవ్వ చూడాలని... ఆమెకేమో చూడాలనే లేదు. ఎంత ఉడుక్కున్నానో.

చివరికి రంగు వేశాను. అంతా నలుపు, కింద ఎర్ర పట్టీ.

"ఏం ఎరుపు ఏసినవే?" అంది అవ్వ.

"కుంకుమ ఎరుపు."

"గట్ల కాదు."

"పండుమిరప ఎరుపా?"

"గంత గాదు..."

పట్టీని తడిమింది. మళ్లీ తడిమింది. వేళ్లకు ఏమీ తెలియలేదు. గోడ మీది చెయ్యి తీయకుండానే బాపును పిలిచింది.

"కొడుకా... దవాఖానకు ఎన్నడు పోదాం?"

ఆపరేషన్ నాడు నాకు అన్నం సయించలేదు. ఒక ఎరుపు కోసం అవ్వను కత్తి కిందికి పంపానా అని ఒకటే భయం.

కంటి కట్టు విప్పాక ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గోడ దగ్గరికి నడిచింది అవ్వ. చూసింది. పొగగొట్టం నుంచి చక్రాల దాకా నిదానంగా చూసింది. "ఎరుపు జర ఎక్కువైంది" అంది. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో ఆమె కళ్లు నిండాయి. "అమ్మా, కండ్లల్ల నీళ్లు పెట్టొద్దన్నడు డాక్టరు!" అని బాపు ఒకటే గోల. అవ్వ ఆ గోల పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"అంత మంచిగనే ఉన్నది బిడ్డా... మరి నేనేది?"

ప్రతి బోల్టూ గుర్తుపెట్టుకున్నాను... ఆ ఇంజను పక్కన గంపతో నిలబడ్డ మనిషినే మరిచిపోయాను.

ఆ రోజే అవ్వ పాత చీర చెంగు ముక్క చింపి ఇచ్చింది. అగ్గిపుల్లలకు చుట్టి చిన్న బొమ్మ చేశాను. ఎక్కడ పెట్టాలో అవ్వే చూపించింది. "గీడ... గీడ నిలబడితే పొగ మీదికి రాదు."

ఇప్పుడు ఆ దారిలో అన్నీ కరెంటు బండ్లే... ఇట్టే వచ్చి అట్టే పోతాయి. నేను ఉద్యోగం చేసుకుంటూ, హాస్టల్లో నా మంచం పక్కన ఉన్న కాస్త జాగాలో ఇంకా ఇంజన్లు చేస్తూనే ఉన్నాను. విడిభాగాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ప్రతి స్క్రూ పెట్టెలోనే వస్తుంది. "గట్ల కాదు" అనే మనిషి మాత్రం ఏ పెట్టెలోనూ రాదు. నా అదృష్టం, ఫోన్‌లో చూపిస్తే మా అవ్వ ఇప్పటికీ ఆ మాట అంటుంది.

మీ ఇళ్లలోనూ ఉంటారు కదా... బొగ్గు బండి కోసం నిలబడ్డవాళ్లు, పరుగెత్తినవాళ్లు, పొగకు కళ్లు నులుముకున్నవాళ్లు... వాళ్లు ఎక్కడ నిలబడేవారో అడిగి కింద రాయండి. ముందు వాళ్లను నిలబెడదాం... ఇంజను తర్వాత.